రెండర్ చేసిన పడవ గోదారి ఫోటోలో అతికించినట్టే కనిపిస్తోంది, ఎక్కడ తప్పు?

తెరచాప
పది రోజులుగా ఒకే బొమ్మ ముందు కూర్చున్నాను. ఇక నా కళ్ళకి ఏదీ తెలియడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. పిల్లల కథల పుస్తకం, 16 పేజీలు. కథంతా ఒక పడవ తాత, ఆయన మనవరాలు, వాళ్ళ నాటు పడవ. పడవనీ మనుషుల్నీ బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో చేశాను. వెనక గోదారి మాత్రం రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద నిలబడి పొద్దున ఏడింటికి నేనే ఫోన్‌తో తీసిన ఫోటో. పాత హేవలాక్ వంతెన కూడా పడింది, అది ప్రతి పేజీలో ఎక్కడో ఒకచోట కనపడాలని నా పట్టుదల. బ్లెండర్‌లోనే ఉండే సైకిల్స్‌తో రెండర్ చేసి (3డీ నమూనాని బొమ్మగా తీసి), వెనక ఖాళీగా ఉండేలా తీసి ఫోటో మీద పెట్టాను. పడవ విడిగా చూస్తే బాగుంది, ఫోటో విడిగా చూస్తే బాగుంది, రెండూ కలిపితే క్యాలెండర్ మీద స్టిక్కర్ అంటించినట్టు ఉంది. రంగులు మార్చాను, బ్లర్ పెట్టాను, పడవ కింద నల్లగా నీడ కూడా గీశాను. ఏం చేసినా అంతే. బొమ్మ జత చేశాను. మొహమాటం లేకుండా చెప్పండి.

కాకినాడకాజా
పడవ చాలా బాగా చేశారు, ముందు అది చెప్పాలి. చెక్క మీద తారు మరకలు కూడా పెట్టారు!

సీజీశ్రీను
బ్రో రంగులు కలవలేదు అంతే. పడవ మీద కొంచెం పసుపు, ఫోటో మీద కూడా అదే పసుపు వేస్తే కలిసిపోతుంది. నేనెప్పుడూ అంతే చేస్తా.

తెరచాప
బ్రో కాదు, అక్కా అనండి :) పసుపు వేసి చూశాను శ్రీనూ. పసుపు స్టిక్కర్ అయింది.

నోడ్‌రాజు
రంగుల దాకా వెళ్ళకండి, దానికంటే ముందు పెద్ద తప్పు ఇంకోటి ఉంది. మీ బొమ్మలో తాతకీ పాపకీ వెనక నుంచి వెలుగు పడుతోంది. భుజాల మీద, జుట్టు చుట్టూ బంగారు అంచు. చూడ్డానికి అందంగానే ఉంది, కానీ ఆ ఫోటోలో అది జరిగే పని కాదు. పుష్కర ఘాట్ నదికి తూర్పు ఒడ్డున ఉంది. అక్కడ నిలబడి నది వైపు చూస్తే ఎదురుగా కొవ్వూరు, అంటే పడమర. పొద్దున ఏడింటికి సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు. ఫోటోలో వంతెన స్తంభాలు చూడండి, మనవైపు ముఖాలు ఎలా వెలుగుతున్నాయో. అదే ఎండ పడవ మీద కూడా మనవైపు నుంచే పడాలి, నీడలు మన నుంచి అవతలికి పోవాలి. మీరు వాడింది సాయంత్రం హెచ్‌డీఆర్‌ఐ (3డీ దృశ్యానికి చుట్టూ వెలుగునిచ్చే ఫోటో) అయి ఉంటుంది, సూర్యుణ్ణి పడవ వెనక పెట్టారు. చూసేవాళ్ళకి ఇదంతా మాటల్లో తెలియదు, కానీ కన్ను ఒప్పుకోదు.

తెరచాప
అవును, సూర్యాస్తమయం హెచ్‌డీఆర్‌ఐ. పాలీ హేవెన్ వెబ్‌సైట్‌లో నచ్చి తీసుకున్నాను. నేను పుట్టి పెరిగింది ఇక్కడే, సూర్యుడు ఏ పక్క ఉంటాడో నాకు తట్టలేదంటే నమ్మలేకపోతున్నాను.

లేయర్లతల్లి
ఆ బంగారు అంచు కావాలంటే సాయంత్రం ఐదున్నరకి వెళ్ళి ఇంకో ఫోటో తీయండి, అప్పుడు సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతుంటాడు కాబట్టి మీ రెండర్ ఉన్నదున్నట్టు పనికొస్తుంది. రెండర్ మార్చడం కన్నా ఫోటో మార్చడం సులువు.

తెరచాప
కథలో అది పొద్దున. తాత మనవరాల్ని బడికి దింపుతున్నాడు.

లేయర్లతల్లి
అయితే సరే, పాపని సాయంత్రం బడికి పంపలేం.

వరంగల్‌వైర్‌ఫ్రేమ్
వెలుగు సంగతి రాజన్న చెప్పిండు కాబట్టి నేను కెమెరా సంగతి చెప్తా. తాత తల ఎక్కడుంది చూడండి. అవతలి ఒడ్డు గీతకి పైన, ఆకాశంలో ఉంది. మీరు ఫోటో తీసినప్పుడు ఫోన్ నీటికి ఎంత ఎత్తులో ఉంది? మెట్ల మీద నిలబడ్డారు కదా, నీళ్ళ పైన రెండు మీటర్ల మెట్లు, మీ చేతిలో ఫోన్ ఇంకో మీటరున్నర అనుకుందాం. మొత్తం మూడున్నర మీటర్లు. అప్పుడు హొరైజన్ (దూరంగా నీళ్ళు, ఆకాశం కలిసే) గీత ఫోటోలో ఉన్న ప్రతి వస్తువునీ సరిగ్గా నీటికి మూడున్నర మీటర్ల ఎత్తులో కోస్తది, దగ్గరున్నదైనా దూరమున్నదైనా. పడవలో నిలబడ్డ తాత తల నీటి మీద నుంచి రెండు మీటర్ల కంటే తక్కువే. అంటే ఆయన తల, పడవ నీటిని తాకే గీత నుంచి హొరైజన్ దాకా ఉన్న ఎత్తులో సగం దాటి కొంచెం పైన ఉండాలె, అంతే. మీ బొమ్మలో ఆయన నాలుగు మీటర్ల మనిషన్నా అయి ఉండాలె, లేకపోతే పడవ గాల్లో తేలుతుండాలె. స్టిక్కర్ లెక్క కనిపించేది సగం దీనివల్లనే.

గోదారిగట్టు
నది అవతలి ఒడ్డు గీతనే హొరైజన్ అనుకోవచ్చా? అక్కడ చాలా వెడల్పు కదా.

వరంగల్‌వైర్‌ఫ్రేమ్
అనుకోవచ్చు. రెండున్నర కిలోమీటర్ల దూరంలో మూడున్నర మీటర్ల ఎత్తు అంటే ఫోన్ ఫోటోలో నాలుగైదు పిక్సెళ్ళ తేడా. చిన్న చెరువైతే మాత్రం అనుకోవద్దు, అసలు హొరైజన్ ఒడ్డు గీతకి చాలా పైన ఉంటది.

పిక్సెల్‌పద్మ
బ్లెండర్ కెమెరా ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత వెడల్పు చూస్తుందో చెప్పే అంకె) ఎంత పెట్టారు తెరచాప గారూ?

తెరచాప
ముట్టుకోలేదు. 50 ఉంది.

పిక్సెల్‌పద్మ
అదీ సంగతి. 50 బ్లెండర్ తనంతట తాను ఇచ్చేది. ఫోన్ మెయిన్ కెమెరా సాధారణంగా 24 నుంచి 26 మిల్లీమీటర్లకి సమానంగా ఉంటుంది, అంటే చాలా వెడల్పు. ఫోటో వివరాల్లో ఎగ్జిఫ్ తెరిచి '35 ఎంఎంలో సమానం' అన్న అంకె చూసి అది పెట్టండి. 50తో తీసిన పడవ ముక్కు, తోక దాదాపు ఒకే సైజులో ఉంటాయి. 26తో దగ్గరగా తీస్తే ముక్కు పెద్దగా ముందుకి వస్తుంది, తోక చిన్నదవుతుంది. ఆ సాగుదల ఫోటోలో మెట్లకి ఉంది, మీ పడవకి లేదు.

తెరచాప
ఎగ్జిఫ్‌లో 26 అని ఉంది.

చీకటిగది
ఒక చిన్న సవరణ. 26 అన్నది 35 ఎంఎం ఫిల్మ్ మూల నుంచి మూలకి కొలిచే లెక్క. ఆ ఫిల్మ్ 3:2, మీ ఫోటో 4:3. బ్లెండర్‌లో సెన్సర్ వెడల్పు 36 అని ఉంచితే 26 కాదు, 27 పెట్టాలి. తేడా చిన్నదే కానీ మెట్ల గీతలు కలపడానికి కూర్చున్నప్పుడు తల తినేస్తుంది. ఇంకో మాట, ఫోటోని క్రాప్ చేసి ఉంటే ఈ లెక్కలేవీ పనిచేయవు. కెమెరా కలిపేది ఎప్పుడూ క్రాప్ చేయని అసలు ఫోటో మీదే, కత్తిరింపు ఆఖర్న.

వరంగల్‌వైర్‌ఫ్రేమ్
లెక్కలు వద్దనుకుంటే ఎఫ్‌స్పై అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఘాట్ మెట్ల అంచుల మీద గీతలు పెడితే కెమెరా అదే లెక్కగట్టి ఇస్తది. మెట్లు పడ్డ ఫోటో కాబట్టి మీ పని సులువు. ఒట్టి నీళ్ళు, ఆకాశమే ఉన్న ఫోటో అయితే దానికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

రంగులరాట్నం
ఇంత లెక్క అవసరమా? ఇది ఇలస్ట్రేషన్, సినిమా కాదు. నేనైతే రెండర్‌ని క్రిటాలో (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) తెరిచి దాని మీద బ్రష్‌తో గీసేస్తాను. నీటి గీత దగ్గర నాలుగు అలలు, అంచుల దగ్గర కొంచెం మసక, ఇరవై నిమిషాల పని. చెయ్యి పడితే రెండు ప్రపంచాలూ ఒకటైపోతాయి. పిల్లలు ఫోకల్ లెంగ్త్ చూడరు.

నోడ్‌రాజు
ఒక్క బొమ్మ అయితే మీతో ఏకీభవిస్తాను. 16 పేజీలు, అదే పడవ, అదే ఇద్దరు మనుషులు. ప్రతి పేజీకీ వెలుగు వెనక నుంచి వస్తుంటే ఎంతని గీసి కప్పుతారు? పైగా పిల్లలు చూడరనే మాట నేను ఒప్పుకోను. మా అమ్మాయికి ఆరేళ్ళు. ఒక పుస్తకంలో ఏనుగు బొమ్మ చూసి 'ఇది నేల మీద నిలబడలేదు నాన్నా' అంది. నీడ లేదు దానికి.

రంగులరాట్నం
నీడ ఉండాలనే నేనూ అంటున్నాను, గీసినా ఉంటుంది కదా! సరే, నా మాట ఇంతే: వెలుగు, కెమెరా 3డీలో సరిచేయండి, అంచులు చేత్తో గీయండి. అంచుల దగ్గర నోడ్‌ల (బ్లెండర్‌లో లెక్కలు చేసే డబ్బాల) కన్నా బ్రష్ గొప్పది.

డల్లాస్‌డెప్త్
ఫోటో మానేసి నదిని కూడా 3డీలోనే చేస్తే ఈ గొడవే ఉండదు కదా? అన్నీ ఒకే వెలుగులో, ఒకే కెమెరాలో.

గోదారిగట్టు
ఆ వంతెన చూడగానే మా ఊరి పిల్లలు 'ఇది మనదే' అంటారు, ఫోటో విలువ అదే. 1900లో కట్టారు, 1997లో రైళ్ళు ఆపేశారు, ఇప్పటికీ ఊరికి గుర్తు అదే. దాన్ని 3డీలో ప్రతి గర్డరూ చేయాలంటే పుస్తకం వచ్చే పుష్కరాలకి అవుతుంది.

సీజీశ్రీను
ఏఐకి చెప్తే క్షణంలో ఇస్తుంది కదా అక్కా.

తెరచాప
రెండు పేజీలు ప్రయత్నించాను శ్రీనూ. ఒక పేజీలో పడవకి తెరచాప ఉంటుంది, ఇంకో పేజీలో ఉండదు, వంతెన ఎక్కడిదో తెలియదు. పాప ముఖం ప్రతిసారీ వేరే పాపది. పైగా ప్రచురణకర్త ఒప్పందంలోనే అది వాడకూడదని రాసుకున్నాం.

లేయర్లతల్లి
ఇప్పుడు నీటి సంగతి. పడవ కింద నల్లగా నీడ గీశానన్నారు, అది తీసేయండి. నేల మీద వస్తువుకి నీడ ముఖ్యం, నీటి మీద వస్తువుకి ప్రతిబింబం ముఖ్యం. నేను చేసే పద్ధతి చెప్తాను. పడవ కింద ఒక సమతలం పెట్టి దానికి నీటి మెటీరియల్ ఇవ్వండి, ఐఓఆర్ (వెలుగు ఎంత వంగుతుందో చెప్పే అంకె) 1.33, పైన అలల కోసం నాయిస్‌తో బంప్ (ఎత్తుపల్లాల భ్రమ). దాన్ని వేరే వ్యూ లేయర్‌లో (విడి పొరగా) రెండర్ చేయండి. ఆ లేయర్‌లో పడవకి రే విజిబిలిటీలో కెమెరా టిక్ తీసేస్తే పడవ కనపడదు, నీటిలో దాని ప్రతిబింబం మాత్రం ఉంటుంది. దాన్ని ఫోటో నీటి మీద కలపండి. అలల సైజు ఫోటోలో అలలతో సరిపోవాలి, అందరూ తప్పేది అక్కడే. చిన్న అలల నదిలో పెద్ద అలల ప్రతిబింబం పెడితే పడవ బాత్‌టబ్‌లో బొమ్మలా ఉంటుంది.

ఇంకోటి. నీరు నిటారుగా కిందికి చూస్తే వెలుగులో రెండు శాతమే తిప్పికొడుతుంది, ఏటవాలుగా దూరంగా చూస్తే అద్దం. కాబట్టి పడవకి మన వైపు, మనకి దగ్గరగా ఉన్న నీటిలో ప్రతిబింబం పలచబడాలి.

గోదారిగట్టు
పైగా ఏ నెల ఫోటో అన్నది కూడా చూడాలి. జూలై, ఆగస్టుల్లో ఎర్రనీళ్ళు వస్తాయి. అప్పుడు నీటికే సొంత రంగు ఎక్కువ, బురద వెలుగుతుంది. నల్ల పడవ ప్రతిబింబం నల్లగా ఉండదు, ఎర్రమట్టి రంగు లోంచి కనపడుతుంది. జనవరి నీళ్ళలో అయితే ముదురుగా, స్పష్టంగా ఉంటుంది. చిన్నప్పుడు పంటు ఎక్కి ఇవే చూస్తూ కూర్చునేవాణ్ణి.

తెరచాప
ఫోటో ఆగస్టుది. నేను పడవ కింద నల్లగానే గీశాను. ఇది ఏ ట్యుటోరియల్‌లోనూ దొరకదు, చాలా థాంక్సండి.

ఇంకో సమస్య. బ్లెండర్ కంపోజిటర్‌లో (బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి కలిపే చోట) ఆల్ఫా ఓవర్‌తో కలిపితే పాప జుట్టు చుట్టూ సన్నటి నల్ల గీత వస్తోంది. క్రిటాలో పీఎన్‌జీతో కలిపితే అంత లేదు, కొంచెం ఉంది.

నోడ్‌రాజు
ఆల్ఫా ఓవర్‌లో 'కన్వర్ట్ ప్రీమల్టిప్లైడ్' టిక్ పెట్టారా?

తెరచాప
పెట్టాను, ఎక్కడో వీడియోలో అలా చెప్పారు.

నోడ్‌రాజు
తీసేయండి, పోతుంది. కారణం తెలిస్తే మళ్ళీ ఎప్పుడూ చిక్కుకోరు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. వెంట్రుక అంచున ఉన్న పిక్సెల్ సగం వెంట్రుక, సగం ఖాళీ. ఆ సగం అన్న సంగతి ఆల్ఫాలో, అంటే పిక్సెల్ ఎంత నిండిందో చెప్పే అంకెలో, 0.5 అని ఉంటుంది. రంగుని దాచే పద్ధతులు రెండు. ఒకటి, రంగు పూర్తిగా ఉంచి పక్కన 0.5 రాయడం, ఇది స్ట్రెయిట్, పీఎన్‌జీ చేసేది ఇదే. రెండోది, రంగుని ముందే 0.5తో గుణించి ఉంచడం, ఇది ప్రీమల్టిప్లైడ్, ఈఎక్స్ఆర్ ఫైళ్ళలోనూ బ్లెండర్ లోపలా ఉండేది ఇది. ముందే గుణించిన దాన్ని మీరు టిక్ పెట్టి మళ్ళీ గుణించమన్నారు. సగంలో సగం, అంటే పావు వెలుగే మిగిలింది. అదే మీ నల్ల గీత. తెల్ల గీత వస్తే తప్పు దీనికి తలకిందులుగా జరిగిందన్నమాట. ముందే గుణించడం వల్ల లెక్క ఎంత తేలికవుతుందో 1984లోనే పోర్టర్, డఫ్ అనే ఇద్దరు రాసి పెట్టారు. ఇప్పటికీ ప్రతి సాఫ్ట్‌వేర్‌లో 'ఓవర్' అంటే వాళ్ళదే.

చీకటిగది
క్రిటాలో కొంచెం మిగిలిన గీతకి కారణం వేరు. 8 బిట్ ఎస్‌ఆర్‌జీబీలో (తెరలు, ఫోటోలు మామూలుగా వాడే రంగుల పద్ధతి) కలుపుతున్నారు. ఆ అంకెలు వెలుగు అంకెలు కావు, కంటికి తగ్గట్టు వంచిన అంకెలు. నిజం వెలుగులో సగం అంటే ఎస్‌ఆర్‌జీబీలో 128 కాదు, 188. వంచిన అంకెల మీద సగం సగం కలిపితే అంచు ఉండాల్సిన దానికన్నా చీకటవుతుంది. ఆకాశం ముందు జుట్టు, ఎండ ముందు కొబ్బరాకు, ఇలాంటి చోట్ల బాగా తెలుస్తుంది. క్రిటాలో డాక్యుమెంట్‌ని 16 బిట్ ఫ్లోట్ లీనియర్‌కి (వంచని వెలుగు అంకెలకి) మార్చి కలపండి.

పిక్సెల్‌పద్మ
ఆ మాట వచ్చింది కాబట్టి, మీ బ్లెండర్ 4 అయితే వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (లెక్కల వెలుగుని తెర రంగులుగా మార్చే పద్ధతి) ఏజీఎక్స్ అని ఉంటుంది. దానిలోంచి వచ్చిన పీఎన్‌జీ మెత్తగా, రంగు కొంచెం తగ్గి ఉంటుంది. ఫోన్ ఫోటో దీనికి పూర్తిగా వేరు, ఫోనే లోపల కాంట్రాస్ట్ పెంచి, షార్ప్ చేసి ఇస్తుంది. ఒకటి నూలు చీర, ఒకటి పట్టుచీర, పక్కపక్కన పెడితే తేడా తెలియకుండా ఎలా ఉంటుంది?

నోడ్‌రాజు
ఏజీఎక్స్ బదులు స్టాండర్డ్ పెట్టి ఫోటోతో పాటే బ్లెండర్‌లో కలిపేయండి. ఏజీఎక్స్ ఉంచి ఫోటోని కంపోజిటర్‌లోకి తెస్తే ఫోటో కూడా దాని గుండా వెళ్ళి వెలిసిపోతుంది.

పిక్సెల్‌పద్మ
స్టాండర్డ్ పెడితే తాత తెల్ల పంచె మీద ఎండ పడ్డ చోట మడతలన్నీ పోయి సున్నం కొట్టినట్టు అవుతుంది. నేను ఒప్పుకోను. ఏజీఎక్స్ ఉంచి 'లుక్' దగ్గర మీడియం హై కాంట్రాస్ట్ పెట్టి, విడిగా తీసి, ఫోటో మీద బయట కలపడమే మేలు.

నోడ్‌రాజు
బయట కలిపితే పంచె బాగుంటుంది కానీ చీకటిగది గారు చెప్పిన లీనియర్ లెక్క పోతుంది కదా. నేనైతే స్టాండర్డ్‌లోనే సూర్యుడి బలం తగ్గించి పంచెని కాపాడతాను. పంచె మెటీరియల్ తెలుపు 1.0 పెట్టి ఉంటారు, దాన్ని 0.8కి దించండి. ఉతికిన పంచె కూడా అంత తెల్లగా ఉండదు.

పిక్సెల్‌పద్మ
0.8 మాట నిజమే. మిగతాది తెరచాప గారు రెండు రకాలుగా తీసి చూసుకోవడమే.

తెరచాప
ఈ ఆదివారం మళ్ళీ ఘాట్‌కి వెళ్తున్నాను, అదే సమయానికి. వెలుగు కొలవడానికి మెరిసే గోళం కావాలంటారు కదా, నా దగ్గర లేదు. ఏం తీసుకెళ్ళాలి?

లేయర్లతల్లి
స్టీలు గరిటె! గుండ్రంగా, గీతలు లేనిది. దాని వెనక వైపు ఫోటో తీస్తే ఆకాశం, మెట్లు, మీరు, సూర్యుడు ఎక్కడున్నాడో అంతా దానిలో కనిపిస్తుంది. కొలతకి పనికిరాదు కానీ దిక్కు తెలుస్తుంది. దానితో పాటు పొట్టు తీసిన ఉడికిన కోడిగుడ్డు ఒకటి పట్టుకెళ్ళండి. తెల్లగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి వెలుగు వైపు ఎంత, నీడ వైపు ఎంత, నీడలో నీలం ఉందా బురద ఎరుపు ఉందా అన్నీ చెప్తుంది. నీళ్ళకి దగ్గరగా పట్టుకుని తీయండి. తర్వాత బ్లెండర్‌లో ఒక తెల్ల గోళం పెట్టి అది గుడ్డులాగే కనపడేదాకా లైట్లు సర్దండి. అప్పుడు పడవ తెచ్చి అక్కడ పెట్టండి.

కాకినాడకాజా
ఫోటో అయ్యాక గుడ్డు తినేయొచ్చు కూడా, ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ సౌకర్యం లేదు.

చీకటిగది
గరిటె ఆలోచన చిన్నదేం కాదు. 1998లో పాల్ డెబెవెక్ అద్దంలాంటి గోళాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లలో ఫోటోలు తీసి, ఆ వెలుగుతోనే కంప్యూటర్ వస్తువుల్ని నిజం దృశ్యంలో పెట్టి చూపించారు. ఇవాళ మనం హెచ్‌డీఆర్‌ఐ అని పెట్టుకునేది అక్కడి నుంచి వచ్చిందే. గరిటెని కూడా మూడు నాలుగు ఎక్స్‌పోజర్లలో తీయండి. సూర్యుడు ఎంత తగ్గించినా తెల్లగా కాలిపోతాడు కాబట్టి సూర్యుడికి విడిగా సన్ ల్యాంప్ పెట్టుకోవాలి, కోణం (సూర్యుడి వెడల్పు) అర డిగ్రీ.

రాత్రిషిఫ్ట్
నాది ఇలస్ట్రేషన్ కాదు, చిన్న యానిమేషన్లు. వీటిలో సగం నాకూ కొత్త. ఒకటి మాత్రం కలుపుతాను, ఎప్పుడైనా ఇదే పడవని కదిలించాలనుకుంటే. నిమిషం వీడియో అంటే 24 చొప్పున 1440 ఫ్రేములు. ఫ్రేముకి మూడు నిమిషాలు పట్టినా 72 గంటలు. మా దగ్గర ఎండాకాలం కరెంటు అన్ని గంటలు ఆగకుండా ఉండదు. మొదటి ప్రాజెక్ట్ నేరుగా ఎంపీ4కి రెండర్ చేశాను, ముప్ఫై గంటల దగ్గర కరెంటు పోయింది, ఫైలు తెరుచుకోలేదు, ఒక్క ఫ్రేము మిగల్లేదు. ఆ రోజు అన్నం తినలేదు. ఇప్పుడు ఎప్పుడూ ఇమేజ్ సీక్వెన్స్ (ఫ్రేముకో బొమ్మ ఫైలు), అవుట్‌పుట్‌లో ఓవర్‌రైట్ తీసేసి ప్లేస్‌హోల్డర్స్ పెడతాను. కరెంటు వచ్చాక సగంలో ఆగిన ఆ ఒక్క ఫ్రేము ఫైలు చెరిపేసి మళ్ళీ రెండర్ నొక్కితే అక్కడి నుంచే మొదలవుతుంది.

డల్లాస్‌డెప్త్
సాంపుల్స్ (పిక్సెల్‌కి వేసే వెలుగు లెక్కలు) తగ్గించి డీనాయిజ్ (మిగిలిన గరుకు తుడిచేది) పెడితే మూడు నిమిషాలు ఎందుకు, నలభై సెకన్లలో అయిపోతుంది.

రాత్రిషిఫ్ట్
బొమ్మకి బాగుంటుంది. వీడియోలో ప్రతి ఫ్రేముకీ డీనాయిజర్ విడిగా ఊహిస్తుంది కాబట్టి నీడల్లో మచ్చలు కదులుతుంటాయి, చీమలు పాకినట్టు. కొబ్బరాకులైతే ముద్దయిపోతాయి. ఆల్బెడో, నార్మల్ పాస్‌లు (వస్తువు సొంత రంగు, ఉపరితలం ఎటు తిరిగి ఉందో చెప్పే బొమ్మలు) కూడా ఇస్తే కొంత నయం. సాంపుల్స్ మాత్రం పెంచాల్సిందే.

వరంగల్‌వైర్‌ఫ్రేమ్
హెచ్‌డీఆర్‌ఐ వెనక కనపడనప్పుడు 16కే (16K) రిజల్యూషన్ ఎందుకు పెడతరో నాకు అర్థం కాదు. వెలుగు కోసమైతే 2కే (2K) చాలు. నా ల్యాప్‌టాప్‌లో 4 జీబీ కార్డు, 16కే పెట్టగానే మెమరీ లేదంటది.

తెరచాప
అయ్యో, నేనూ 16కేనే పెట్టాను.

ఇంకో చిన్న ప్రశ్న, దీనికి సంబంధం లేదు కానీ. పడవ పక్కన 'శ్రీలక్ష్మి' అని పేరు రాయాలి. టెక్స్ట్ ఆబ్జెక్ట్‌లో టైప్ చేస్తే 'క్ష్మి' విడిపోయి పొల్లులతో వరసగా వస్తోంది. ఫాంట్లు మూడు మార్చాను.

పిక్సెల్‌పద్మ
ఫాంట్ తప్పు కాదు, ఆ టెక్స్ట్ ఆబ్జెక్ట్‌కి మన ఒత్తులు కలపడం రాదు. ఇంక్‌స్కేప్‌లో రాయండి, అక్కడ సరిగ్గా వస్తుంది. 'ఆబ్జెక్ట్ టు పాత్' చేసి ఎస్‌వీజీగా దాచి బ్లెండర్‌లోకి తెచ్చుకోండి. నేను కిరాణా కొట్టు బోర్డులు, బస్సు పేర్లు అన్నీ ఇలాగే చేస్తాను. పడవ మీద పేరంటే చేత్తో రాసిందే ఉంటుంది కదా, ఇంకా బాగుండాలంటే కాగితం మీద కుంచెతో రాసి ఫోటో తీసి టెక్స్చర్‌గా వేయండి.

గోదారిగట్టు
కాగితం మీద రాయండి. పడవల మీద అక్షరాలు చెక్క వంపుతో పాటు వంగి ఉంటాయి, 'శ్రీ' పెద్దగా, చివరికొచ్చేసరికి చోటు చాలక ఇరుక్కుని. మీ తాత పడవకి అదే అందం.

రంగులరాట్నం
అచ్చుకి వెళ్ళే ముందు ఒక మాట. పేజీ ఏ4 అయితే 300 డీపీఐకి 2480 బై 3508 పిక్సెళ్ళు, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అంచు) అదనం. బ్లెండర్‌కి సీఎంవైకే (అచ్చు సిరాల నాలుగు రంగుల పద్ధతి) తెలియదు. క్రిటాలో సీఎంవైకేకి మార్చి చూసుకోండి. తెరమీద మెరిసే ఆకుపచ్చ, నీలం అచ్చులో చప్పబడతాయి. నా పాత పుస్తకంలో పాప లంగా చిలకపచ్చ వేస్తే అచ్చులో మునగాకు రంగు వచ్చింది, చూసి ఏడుపొచ్చింది.

తెరచాప
ఆదివారం వెళ్ళొచ్చాను. గరిటె, గుడ్డు రెండూ పట్టుకెళ్ళాను, మెట్ల మీద స్నానానికి వచ్చినవాళ్ళు చుట్టూ చేరి ఏం పూజ అని అడిగారు. వివరంగా చెప్తే ఒక పెద్దాయన గుడ్డు పట్టుకుని నిలబడ్డారు. ఆయన నిజంగా పడవ నడిపే మనిషట, నీటి గీత ఎక్కడిదాకా ఉంటుందో చేత్తో చూపించారు. ఇద్దరు ఎక్కితే నా పడవ ఇంకో జానెడు లోపలికి దిగాలట. ఆ సంగతి మనలో ఎవరికీ తట్టలేదు!

మార్చినవి: సూర్యుణ్ణి మన వీపు వెనక్కి తెచ్చాను. కెమెరా 27, ఎత్తు మూడున్నర. తాత తల ఇప్పుడు నీళ్ళ ముందే ఉంది. పడవ జానెడు దింపాను. ప్రతిబింబం ఎర్రగా పలచగా. పంచె 0.8. ఆల్ఫా ఓవర్ టిక్ తీసేశాను. ఏజీఎక్స్, స్టాండర్డ్ రెండూ చూశాను, రాజు గారి స్టాండర్డే ఈ ఫోటోకి కలిసింది. బొమ్మ జత చేశాను.

కాకినాడకాజా
అబ్బ. ఇప్పుడు నీళ్ళలో ఉంది.

నోడ్‌రాజు
గుడ్డు నీడ వైపు ఎరుపు గమనించారా? నీటి నుంచి పైకి కొట్టే వెలుగు అది. పడవ పక్క చెక్క మీద కింది భాగంలో కూడా ఆ ఎరుపు తెచ్చారు, అందుకే కూర్చుంది.

లేయర్లతల్లి
రెండు చిన్నవి మిగిలాయి. మీ పడవలో నలుపు మరీ నలుపు. వంతెన స్తంభాల నీడ వైపు చూడండి, దూరం వల్ల బూడిద నీలంగా ఉంది. పడవ దగ్గరిదే కాబట్టి అంత అక్కర్లేదు, నలుపుని కొద్దిగా పైకి లేపండి చాలు. రెండోది, ఫోటోని 200 శాతం చేసి చూస్తే ఫోన్ గరుకు ఉంది, పడవ నున్నగా ఉంది. రెండర్‌కి అర పిక్సెల్ బ్లర్, దాని మీద అదే సైజు గరుకు.

రంగులరాట్నం
ముక్కు దగ్గర నీరు చీలే చోట నాలుగు తెల్ల గీతలు చేత్తో వేయండి. దానికి నోడ్ వెతక్కండి, నా మాట వినండి.

తెరచాప
వేశాను. చేత్తోనే. ఇక రెండో పేజీ, అందులో వాన.

వరంగల్‌వైర్‌ఫ్రేమ్
వానకి కొత్త చర్చ పెట్టండి అక్కా. మబ్బు పట్టినప్పుడు సూర్యుడు ఉండడు, ఈ లెక్కలన్నీ మారుతయి.